గ్రామ మద్యనిషేధము: అంగడి మూయుట పనిలో సగము

గ్రామములో మద్యము అమ్మకుండ కట్టడి చేయవలయునా, వద్దా యను ప్రశ్న మన సంఘ సమావేశములలో తరచుగా వచ్చుచున్నది. ఎరువుల రాకను గూర్చియో, పంటఋణముల బాకీలను గూర్చియో ప్రారంభమైన మాట తుదకు బెల్టుషాపు కడకు వచ్చి ఆగుచున్నది. "అంగడి మూయించిననే గాని యీ యూరు బాగుపడదు" అని యొకరందురు. "మూయించిన దొంగసారా వచ్చును, అది యింతకంటె నష్టము" అని మరియొకరందురు. "త్రాగదలచినవాడు ప్రక్క యూరికి పోయి త్రాగును" అని మూడవవారు నవ్వి యూరకుందురు. ఈ మువ్వురి మాటలలోను కొంత కొంత నిజము కలదు. కావున ఒక్కొక్క మాటను త్రాసులో వేసి తూచి చూచుటయే యీ పాఠము యొక్క ఉద్దేశము.

ఇది మన తెలుగువారికి క్రొత్త ప్రశ్న కాదు. ఎనుబది యేండ్లకు పైబడి మనవారు దీనిని పలుమార్లు ప్రయత్నించి చూచియున్నారు. ఒకమారు ప్రభుత్వము పైనుండి తెచ్చెను. మరియొకమారు గ్రామ స్త్రీలు క్రిందినుండి తెచ్చిరి. రెండుమార్లును కొంత జయమును, కొంత అపజయమును కలిగెను. పంట పండినప్పుడు ఏల పండెనో, ఎండినప్పుడు ఏల ఎండెనో విచారించువాడే మంచి రైతు. ఇక్కడను అట్లే విచారింతము.

1. మదరాసు నాటి అనుభవము

1937లో మదరాసు రాష్ట్ర ప్రధానిగా నుండిన చక్రవర్తి రాజగోపాలాచారిగారు మద్యనిషేధ చట్టమును తెచ్చి, ఆ యేడు అక్టోబరు 1వ తేదీ నుండి సేలము జిల్లాలో అమలు జరిపిరి. 1938లో అది చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపించెను. యుద్ధకాలమున సడలి, 1946లో మరల మొదలై, 1948 అక్టోబరు 2 నాటికి మదరాసు రాష్ట్రమంతటను అమలులోనికి వచ్చెను. హైదరాబాదు సంస్థానమునకు ఈ చట్టము వర్తింపలేదు గనుక తెలంగాణము చరిత్ర వేరు.

ఈ చరిత్రలో రైతులు గమనింపవలసిన సంగతులు రెండు కలవు.

మొదటిది ఖజానా సంగతి. ఆనాడు అబ్కారీ వలన వచ్చు సొమ్ము రాష్ట్ర ఆదాయములో రమారమి నాలుగవ వంతు. దానిని వదలుకొనిన పిదప ప్రభుత్వము నడచు టెట్లు? ఆ లోటు పూడ్చుటకు 1939లో అమ్మకపు పన్ను ప్రవేశపెట్టబడెను. అనగా అదివరకు త్రాగువాడు చెల్లించిన సొమ్మును, ఆ పిదప ఉప్పు పప్పు కొనువారందరును పంచుకొని చెల్లించిరన్న మాట. ఇది తప్పని నేను చెప్పుట లేదు. త్రాగుబోతు బిడ్డల నోటి కూడునుండి వచ్చు పన్నుకంటె అందరును తలకొంత మోయు పన్ను మేలని వాదింపవచ్చును. కాని నిషేధమునకు ఒక ఖర్చు కలదనియు, దానిని ఎవరో యొకరు మోయవలసినదే యనియు తెలిసికొనుట మంచిది.

రెండవది గీతపనివారి సంగతి. తాటిచెట్టు ఎక్కి కల్లు దింపి బ్రతుకు కుటుంబములకు ఈ చట్టము ఒక్కదినమున జీవనము తీసివేసెను. ప్రభుత్వమువారు దీనిని గుర్తింపకపోలేదు. తీపికల్లును కాచి బెల్లము చేయుటకై గీతపనివారికి సహకార సంఘములు ఏర్పాటు చేసిరి. అవి కొందరికి ఆధారమయ్యెను గాని అందరికిని కాలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు నిషేధ చట్టము దానికి వారసత్వముగా సంక్రమించెను. గీతపనివారి పక్షమున గౌతు లచ్చన్నగారు సత్యాగ్రహము నడపిరి. తుదకు 1954 నవంబరులో మద్యనిషేధ విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒక్క ఓటు తేడాతో నెగ్గి, టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము పడిపోయెను. పొట్టకూటి ప్రశ్నను వెనుకకు నెట్టిన నిషేధము ఎంతటి ప్రభుత్వమునైనను కదలింపగలదని దీనివలన తెలియుచున్నది.

2. దూబగుంట స్త్రీల పని

రెండవ అధ్యాయము నెల్లూరు జిల్లాలో నడచినది. 1991లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతోద్యమము సాగెను. పగలెల్ల కూలి చేసి వచ్చిన స్త్రీలు రాత్రి దీపము వద్ద పలకలు పట్టిరి. వాచకములో త్రాగుడు వలన చెడిన కాపురమును గూర్చిన పాఠముండెను. పాఠము ముగిసిన పిదప మాటలు మొదలయ్యెను. ప్రతి యింటి కథయు అదియే యని వారికి తెలిసెను. ఒంటరిగా నున్నప్పుడు తన కర్మమని యేడ్చిన ఆడది, పదిమంది కూడినప్పుడు ఇది ఊరి సంగతి యని గ్రహించెను.

ఆనాడు సారా ప్రభుత్వపు సరఫరాగా "వారుణి వాహిని" పేరిట ప్లాస్టిక్ ప్యాకెట్లలో పల్లె పల్లెకు చేరుచుండెను. మంచినీరు రాని యూళ్లకు సైతము సారా జీపు తప్పక వచ్చెడిది. కలిగిరి మండలము దూబగుంట స్త్రీలు దూబగుంట రోశమ్మగారు మొదలైనవారితో గూడి తమ యూరి సారా అంగడిని మూయించిరి. ఆ వార్త వాచకములోని పాఠమై తక్కిన యూళ్లకు ప్రాకెను. స్త్రీలు ఊరి పొలిమేరలలో కాపు కాచిరి. సారా జీపులను త్రిప్పి పంపిరి. సారా వేలంపాటలకు అడ్డుపడిరి. 1992లో నెల్లూరు జిల్లా వేలములు పలుమార్లు వాయిదా పడెను. ఉద్యమము తక్కిన జిల్లాలకు వ్యాపింపగా, ప్రభుత్వము 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోను, ఆ యేడు అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారాను నిషేధించెను. 1995 జనవరి 16 నుండి ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము కల్లు మినహా తక్కిన మద్యమునంతను నిషేధించెను.

ఆ సంపూర్ణ నిషేధము ఎక్కువకాలము నిలువలేదు. ఆదాయము తగ్గెను. ఇరుగు పొరుగు రాష్ట్రముల నుండి మద్యము దొంగచాటుగా వచ్చెను. 1996లో బియ్యము ధరయు, విద్యుచ్ఛక్తి ధరయు పెరిగెను. 1997లో నిషేధము సడలింపబడి, బ్రాందీ, విస్కీ అంగళ్లు మరల తెరువబడెను. సారా నిషేధము మాత్రము నిలిచియున్నది.

అయితే దూబగుంట ఫలితము ఇంతటితో తీరిపోయెనని తలంపరాదు. సారా మానిపించిన ఆ స్త్రీలే దినమున కొక రూపాయి చొప్పున దాచుకొను పొదుపు సంఘములను నెల్లూరు జిల్లాలో వేలకొలదిగా కట్టిరి. "పొదుపులక్ష్మి" యను పేరు అందరెరిగినదే. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద అట్టి పొదుపు సంఘములు పెక్కు రిజిష్టరు చేయబడెను. అంగడికి పోవు రూపాయిని ఆపుట మొదటి పని; ఆపిన రూపాయికి ఒక డబ్బా చూపుట రెండవ పని. మొదటిది చట్టము చేయగలదు, చేసి మరల రద్దు చేయగలదు. రెండవదానిని సంఘమే చేయవలయును. దానిని ఏ శాసనసభయు రద్దు చేయజాలదు.

3. ఎదుటి పక్షము వారి మాటలు

నిషేధము వద్దనువారిని త్రాగుబోతులనియో, అంగడి వాని మనుష్యులనియో త్రోసిపుచ్చుట న్యాయము కాదు. వారి వాదములలో నాలుగింటిని పరీక్షింతము.

మొదటి వాదము: "దొంగసారా వచ్చును." ఇది నిజము. నాటుసారా కాచుటకు బెల్లము, నీరు, నవసారము, ఒక కుండ, ఒక చాటైన వాగు గట్టు చాలును. వీటికంటె ఘోరమైనది విషసారా. కొందరు దుర్మార్గులు పరిశ్రమలలో వాడు మిథైల్ ఆల్కహాలును కలిపి అమ్ముదురు. అది రుచిలోను, వాసనలోను మామూలు సారాయి వలెనే తోచును గాని కొద్దిపాటి మోతాదుననే కన్నులు పోవును, ప్రాణము పోవును. నిషేధము గల గుజరాతు రాష్ట్రమున 2022 జూలైలో బోటాద్ ప్రాంతమున విషసారా త్రాగి పదులకొలది జనులు మరణించిరి. మన ప్రకాశం జిల్లా కురిచేడులో 2020 జూలై చివర, అంటువ్యాధి కట్టడి వలన మద్యము అంగళ్లు మూసియున్న దినములలో, చేతులు శుభ్రపరచుకొను శానిటైజరును త్రాగి పదిమందికి పైగా చనిపోయిరి. అలవాటునకు బానిసయైనవానికి అంగడి మూతపడిన మాత్రమున అలవాటు మూతపడదు. ఈ వాదము నిషేధము వలదని చెప్పుట లేదు. రోగిని వదలివేసి అంగడిని మాత్రమే మూయవలదని చెప్పుచున్నది.

రెండవ వాదము: "ప్రక్క యూరికి పోవుదురు." ఇదియు కొంతవరకు నిజమే. కాని అడుగు దూరములో నున్నదానికిని, మూడు మైళ్ల దూరములో నున్నదానికిని భేదము కలదు. నిశ్చయముగా త్రాగువాడు మూడు మైళ్లు పోవును. కూలి డబ్బు చేతబట్టుకొని యింటికి పోవుచు, దారిలో నలుగురు పిలువగా కూర్చుండువాడు పోడు. పదునెనిమిదేండ్ల కుర్రవాడు పోడు. అనగా గ్రామ నిషేధము పాతరోగమును కుదుర్చజాలక పోయినను, క్రొత్త రోగము పుట్టకుండ కొంత ఆపగలదు. చేనిలో తెగులు సోకిన మొక్కను బ్రతికింపలేకున్నను తక్కిన చేనికి ప్రాకకుండ చేయుట వ్యర్థమని యే రైతును అనడు.

మూడవ వాదము: "ఊరికి వచ్చు ఆదాయము పోవును." ప్రభుత్వ ఆదాయమును గూర్చి పైన చెప్పితిని. ఇది వేరు. కొన్ని గ్రామములలో పెద్దలు బెల్టుషాపు పెట్టుకొను హక్కును వేలము వేసి, ఆ సొమ్మును గుడికో, బాటకో, ఊరి ఖర్చులకో వినియోగించుచున్నారు. బెల్టుషాపునకు లైసెన్సు లేదు. లేని హక్కును వేలము వేయుట చట్టమునకు విరుద్ధము. చట్టము మాట అటుంచి, లెక్క చూచినను ఇది నష్టపు బేరము. వేలము పాడినవాడు ఆ సొమ్మును తన యింటినుండి తేడు. సీసా ధరపై వేసి మన యిండ్లనుండియే రాబట్టును. దానిపైన తన లాభము వేసికొనును. ఊరికి వచ్చిన రూపాయి కొరకు ఊరు ఎన్ని రూపాయలు చెల్లించెనో ఒక్క సంవత్సరము లెక్క వ్రాసి చూచిన తెలియును. గుడి గోపురమునకు సున్నము కొట్టించు సొమ్ము ఊరి గుడిసెల పైకప్పు తీసి తెచ్చినదైన, దేవునికిని అది ప్రీతి కాదు.

నాలుగవ వాదము: "గీతపనివాని గతి యేమి?" ఇది అన్నిటికంటె బరువైనది, ముందు చెప్పిన 1954వ సంవత్సరపు చరిత్ర దీనికి సాక్షి. "తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లందురు" అని మన సామెత. కల్లు, నాటుసారా, సీసా మద్యము అన్నియు నొక్కటే యని ఒక్క గంపలో వేయుట ఈ సామెత వంటిదే యగును. చెట్టునుండి దింపినప్పుడు తీయని రసము; కొన్ని గంటలలో పులియును; పులిసినను దానిలో సారము సాధారణముగా నూటికి నాలుగైదు పాళ్లే యుండును. బ్రాందీ సీసాలో నూటికి నలుబది పాళ్లు దాటును. అయినను కల్లు నిరపాయమని చెప్పరాదు. చెట్టు కల్లు చాలని చోట్ల మత్తుమందులు కలిపిన కల్తీకల్లు అమ్ముచున్నారు. 2015లో తెలంగాణములో కల్తీకల్లుపై గట్టి చర్యలు తీసికొన్నప్పుడు, ఆ మందులకు అలవాటుపడిన పలువురు అవి దొరకక వింతగా ప్రవర్తించుచు ఆసుపత్రులకు చేర్పబడిరి. కావున గ్రామ తీర్మానము చేయునప్పుడు మూడింటిని మూడుగా నెంచి, బెల్టుషాపును, నాటుసారాను, కల్తీని మొదట పట్టుకొనుట న్యాయము. మోకు కట్టి చెట్టెక్కువాని నోటి కూడు తీయుటకు ముందు అతనికి మరియొక మార్గము చూపవలయును.

4. ఒక యింటి లెక్క

సభలో ఉపన్యాసములకంటె పలకమీది లెక్క ఎక్కువ పని చేయును. ఈ క్రింది అంకెలు ఉదాహరణమునకు మాత్రమే. మీ మీ యిండ్ల అంకెలు వేసి చూచుకొనవలయును.

దినమునకు ఒక క్వార్టరు సీసాకును, దానితో తినుదానికిని కలిపి 150 రూపాయలు ఖర్చనుకొందము. నెలకు 4,500 రూపాయలు. సంవత్సరమునకు 54,000 రూపాయలు.

ఇట్లు ఖర్చు చేసినవాడు సంఘపు బాకీ గడువులో తీర్పలేడు. కేంద్రప్రభుత్వ వడ్డీ రాయితీ పథకము క్రింద 3 లక్షల రూపాయల వరకు పంటఋణము 7 శాతము వడ్డీకి లభించును. గడువులోపల తీర్చినవానికి 4 శాతమే పడును. 50,000 రూపాయలకు సంవత్సరపు వడ్డీ 2,000 రూపాయలు. గడువు తప్పి, సంఘములో మరల ఋణము పుట్టక, నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున బయట తెచ్చినవానికి అదే 50,000 రూపాయలకు వడ్డీ 12,000 రూపాయలు. నష్టము 10,000 రూపాయలు.

నాట్ల కాలమునను, కోతల కాలమునను కలిపి ఇరువది దినములు పనికి లేవలేకపోయెననుకొందము. దినకూలి 500 రూపాయలైన, మరి 10,000 రూపాయలు.

మొత్తము 74,000 రూపాయలు. ఇందులో సీసా ధర మూడువంతుల కంటె తక్కువ. తక్కినది సీసాపై వ్రాయని ధర. మందు కొట్టవలసిన దినమున మందు కొట్టకపోవుట, నీరు పెట్టవలసిన రాత్రి నిద్రపోవుట, బాగుగా నున్న ఎద్దును తక్కువ ధరకు అమ్ముకొనుట మొదలగువానిని నేను లెక్కలో వేయలేదు. ఒకే కాలువ క్రింద, ఒకే విత్తనముతో, ఒక మడి పచ్చగాను, ప్రక్క మడి పసుపుగాను నుండుట నా యుద్యోగములో తరచుగా చూచుచుందును. భూసారము పరీక్షించినంతమాత్రమున దాని కారణము ఎల్లప్పుడు దొరకదు.

5. సంఘము చేయదగిన పనులు

గ్రామమున నిషేధ తీర్మానము చేయుటకు గ్రామసభ యున్నది. షెడ్యూల్డు ప్రాంతములలో 1996 నాటి పంచాయతుల విస్తరణ చట్టము మద్యము అమ్మకమును, వాడుకను నిషేధించుటకు గాని, అదుపు చేయుటకు గాని గ్రామసభకు, పంచాయతికి అధికార ముండవలయునని చెప్పుచున్నది. తక్కిన గ్రామములలో తీర్మానమును వ్రాసి, సంతకములు చేయించి, అబ్కారీ శాఖ వారికిని, పోలీసు వారికిని పంపి, లైసెన్సు లేని అమ్మకమును ఆపుమని కోరవలయును. త్రాగినవానిని స్తంభమునకు కట్టుట, గుండు గీయించుట, పెద్దలు తమంతట తాము జరిమానాలు విధించుట కూడదు. అది చట్టవిరుద్ధము, అంతేకాక, అవమానము పొందినవాడు పంతమునకు త్రాగును.

ఇక తీర్మానము తరువాతి పని సంఘముది. అందు ఆరు అంశములు కలవు.

ఒకటి, పొదుపు. పంట సొమ్ము చేతికి వచ్చిన వారములోనే త్రాగుడు హెచ్చును. ధాన్యము సొమ్ము ఖాతాలో పడిన దినముననే సభ్యుని యిష్టముపై కొంత భాగమును పొదుపు ఖాతాకు మార్చు ఏర్పాటుండవలయును. దినమునకు పదిరూపాయలు పుచ్చుకొనుటకైనను సంఘము సిగ్గుపడరాదు. నెల్లూరు స్త్రీలు ఒక్క రూపాయితో మొదలిడిరి.

రెండు, స్త్రీల సభ్యత్వము. భర్త బాకీదారుడైనంతమాత్రమున ఆ యింటికి సంఘము తలుపు మూసిన, మనము బిడ్డలను శిక్షించినవార మగుదుము. భార్య తన పేర వాటా తీసికొని సభ్యురాలగునట్లు ప్రోత్సహింపవలయును. ఆమె పాడికి, కోళ్లకు, కూరగాయల మడికి కోరు ఋణమును ఆమె యోగ్యతను బట్టియే నిర్ణయింపవలయును.

మూడు, గీతపనివారు. తీపికల్లును, అనగా నీరాను, తెల్లవారకముందే దింపవలయును. లొట్టి లోపల సున్నము పూసిన పులియుట తగ్గును. ఆ రసమును కాచి, సున్నపు పాలు తగ్గించి, తాటిబెల్లము చేయవచ్చును. సుమారు ఎనిమిది నుండి పది లీటర్ల రసమునకు ఒక కిలో బెల్లము వచ్చును. రంపచోడవరము దగ్గర పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధనా స్థానమువారు తాటిపై పరిశోధనలు చేయుచున్నారు. కాని ఇందలి కష్టమును దాచరాదు. రసము కాచుటకు వంటచెరకు మిక్కుటముగా కావలయును. చెట్టు పారుట సంవత్సరమంతయు నుండదు. అమ్మకము దొరకనిచో శ్రమ దండుగ. కావున నీరా తీయుమని గీతపనివానికి బోధించుటకు ముందు, అతని బెల్లమును ఏ ధరకు ఎంత కొనగలమో సంఘము వ్రాతమూలముగా చెప్పగలిగి యుండవలయును. చెట్లు రైతుల గట్లమీదివి. నిషేధము కోరు రైతు మొదటి రెండేండ్లు చెట్టు బాడుగ విడుచుట, ఆ కుటుంబమునకు పాడిపశువు ఋణమున పూచీపడుట న్యాయము.

నాలుగు, బెల్లము. చెరకు రైతులకు ఈ విషయము తెలియును. నల్లబెల్లము సారా బట్టీలకు పోవునని అధికారులు దాని అమ్మకముపై ఆంక్షలు పెట్టుటయు, దానివలన నిర్దోషులైన రైతులు నష్టపడుటయు కలదు. దీనికి మందు బెల్లమును శుభ్రముగా చేయుటయే. చెరకును నరికిన దినముననే ఆడవలయును. రసము కాగునప్పుడు బెండమొక్కల జిగురుతో మడ్డి తీసిన రంగు తేలును. తెలుపు కొరకు హైడ్రోసు మితిమీరి వేయుట మాత్రము ఆరోగ్యమునకు హాని. ఎవరో తెలియనివారు రాత్రివేళ వచ్చి బస్తాలకొలది నల్లబెల్లము అడిగిన, ధర యెక్కువైనను ఇయ్యరాదు. అమ్మినదెల్ల పద్దు వ్రాయవలయును.

ఐదు, రోగి. ఎక్కువకాలము ఎక్కువగా త్రాగినవాడు ఒక్కసారి మానిన, కొన్ని గంటలలో చేతులు వణకును, చెమటలు పట్టును. రెండు మూడు దినములలో మూర్ఛలు వచ్చుటయు, లేనివి కనబడుటయు సంభవింపవచ్చును. దీనిని దయ్యము పట్టెనని భూతవైద్యుని వద్దకు కొనిపోరాదు. ఇది ప్రాణాపాయమైన రోగస్థితి. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలయును. అంగడి మూయబోవు వారమునకు ముందే అట్టివారెవరో గుర్తించి, వైద్యునికి చూపి యుంచుట ఊరి బాధ్యత.

ఆరు, పద్దుపుస్తకము. నిషేధము ఫలించెనా లేదా యని తెలిసికొనుటకు కేకలు, ఊరేగింపులు ప్రమాణము కావు. తీర్మానమునాటికి సంఘములో గడువు మీరిన బాకీలెన్ని, పొదుపు నిలువ యెంత, తాకట్టులోనున్న నగలెన్ని అని ఒక కాగితముపై వ్రాసి భద్రపరుపుడు. సంవత్సరము గడచిన పిదప అవే అంకెలను మరల వ్రాయుడు. పంట బాగోగులను గూడ దానిలో గుర్తింపుడు. ఏలయన వానలు చెడిన యేటి బాకీని త్రాగుడుపై మోపుట తప్పు. పంట సమానముగా నుండియు అంకెలు మారనిచో, మన యూరి అంగడి మూతపడలేదు, చాటునకు మారినదన్న మాట. అప్పుడు తీర్మానమును విడువవలసిన పని లేదు; లోపమెక్కడనో వెదుకవలయును. అంకెలు మారినచో, ఆ కాగితమును సభలో చదివి వినిపింపుడు. దానికంటె గొప్ప ఉపన్యాసము లేదు.

ప్రభుత్వములు మారును, పద్ధతులు మారును. ఆంధ్రప్రదేశములో 2019 అక్టోబరున అంగళ్లు ప్రభుత్వము చేతికి వచ్చెను. 2024 అక్టోబరున మరల ప్రైవేటువారికి పోయెను. పైనుండి వచ్చునది పైకే పోవచ్చును. ఊరు తాను కట్టుకొనిన పొదుపును, తాను చూపిన జీవనమును, తాను వ్రాసికొనిన లెక్కను మాత్రము ఎవరును తీసికొనిపోజాలరు.

సంఘ సమావేశములో చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామములో లైసెన్సు లేని మద్యపు అమ్మకము ఎన్నిచోట్ల జరుగుచున్నది? దాని లాభము ఎవరికి చేరుచున్నది?

2. మన గట్లమీద ఎన్ని తాటిచెట్లు, ఈతచెట్లు కలవు? వానిపై ఎన్ని కుటుంబములు బ్రతుకుచున్నవి? వారిలో ఎందరు మన సంఘ సభ్యులు?

3. గడువు మీరిన బాకీదారుల యిండ్లలో స్త్రీలకు వేరుగా సభ్యత్వ మిచ్చుటకు మన నిబంధనలలో అడ్డంకి యేమైన కలదా?

4. నిషేధము వలన నష్టపడువారి పేర్లు వ్రాయుడు. ఒక్కొక్క పేరునకు ఎదురుగా మనము చేయగల సహాయము వ్రాయుడు. సహాయము వ్రాయజాలని పేర్లు ఎన్ని మిగిలినవి?

5. వచ్చు సంవత్సరము ఈ నెలలో మన లెక్కలను చదివి వినిపించుట కెవరు పూచీ?